ఎదురుతిరుగుడు

నేల దున్నే టిల్లర్లు రెండూ కవల పిల్లల్లా పక్కపక్కన నిలబడి ఉన్నాయి. అదే ఎరుపు, అదే ఎత్తు, వెనక అదే రేకు మూత, మూత కింద మట్టి ఎండి అట్టకట్టిన అవే వంకర బ్లేడ్లు. తేడా అంతా మూత మీద అంటించిన బాణం గుర్తులో ఉంది. ఒకదాని మీద బాణం ముందుకి వంగి ఉంది, ఇంకోదాని మీద వెనక్కి. పనిముట్లు అద్దెకిచ్చే కొట్టు వెనక, మార్చి నెలలో ఒక శనివారం పొద్దున, ఆ రెండు బాణాల మధ్యా పావుగంట నిలబడ్డాను. కొట్టు పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, "ముందుకి తిరిగేది కావాలా, వెనక్కి తిరిగేది కావాలా?" అని అడిగి ఊరుకున్నాడు. నేను నడిచేది ఎలాగూ ముందుకే కదా, వెనక్కి తిరిగేదాన్ని పట్టుకుని ముందుకెలా పోవడం? పల్లెటూళ్ళో పుట్టినవాణ్ణి ఆ మాట అడిగితే పరువు పోతుందనిపించింది. ముందుకి తిరిగేదాన్నే బండికెక్కించమన్నాను. ఆ బాణాలు మాత్రం అప్పట్నుంచీ నన్ను వదలలేదు. ఫ్యాను తిరుగుతుంటే ఎటు తిరుగుతోందని చూస్తున్నాను. దోసెపిండి గ్రైండర్ దగ్గర నిలబడిపోతున్నాను. మా ఆవిడ రెండుసార్లు చూసి, "ఏవండీ, ఆఫీసులో అంతా బానే ఉందా?" అని అడిగింది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, తెలుగువాళ్ళు ఇంటికో దొండపాదు పెంచుకునే పేటల్లో ఒకటి. ఇల్లు కొన్న ఆరేళ్ళకి, పెరట్లో కంచె పక్కన ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పున పచ్చిక తీసేసి గోంగూర, బెండ, వంగ వెయ్యాలని నిర్ణయమైంది. నిర్ణయం మా ఆవిడది, దుక్కి నాది. ఈ నేలకి పార వెయ్యబోయి మొదటిరోజే తెల్లబోయాను. ఎందుకంటే ఈ నేల నాకు తెలుసు. మాది పల్నాడు. తడిస్తే చెప్పుల్ని ఊడబీక్కునే, ఎండితే గడ్డపారకి కూడా నిప్పురవ్వలు చూపించే నల్లరేగడిలో పెరిగాను. ఇక్కడి వాళ్ళు దీన్ని ఒకప్పుడు 'నల్ల మైనం' అని పిలిచేవాళ్ళట. డాలస్‌కి ఉత్తరాన్నుంచి శాన్ ఆంటోనియో దాకా పట్టీలాగా సాగిపోతుంది. అందులో పేరున్న రకం 'హ్యూస్టన్ బ్లాక్', అదొక్కటే 15 లక్షల ఎకరాల దాకా ఉంటుందంటారు. పత్తికి పేరుపడ్డ నేల, మనదీ అంతే. భూగోళం పుస్తకాల్లో నల్లనేలని 'రేగర్' అంటారు కదా, ఆ మాట మన 'రేగడి' నుంచి వెళ్ళిందే. పద్నాలుగు వేల కిలోమీటర్ల పైన ఎగిరొచ్చి, ముప్ఫై ఏళ్ళ అప్పు చేసి కొనుక్కున్నది ఏ నేల అంటే, వద్దనుకుని వదిలేసి వచ్చిన నేలే. ఇక్కడి ఆచారం ఒకటి మా నాన్నకి చెబితే చాలాసేపు నమ్మలేదు. వేసవిలో ఈ మట్టి ఎండి ముడుచుకుపోతే గోడలు పగుళ్ళిస్తాయని, ఇళ్ళ చుట్టూ రబ్బరు పైపులు పరిచి పునాదికి నీళ్ళు పెడతారు. "మొక్కలకి కాదా? ఇంటికా?" అని మూడుసార్లు అడిగాడు.

సరే, యంత్రం. తవ్వే ముందు 811 అనే నంబరుకి ఫోన్ చెయ్యాలి, అది ఇక్కడి పద్ధతి. రెండు రోజుల్లో మనుషులొచ్చి గ్యాసు గొట్టం పోయేచోట పసుపు, కరెంటు తీగ పోయేచోట ఎరుపు, నీళ్ళకి నీలం జెండాలు గుచ్చిపోతారు. నా పెరట్లో కంచెవారన ఒకే ఒక్క నారింజ జెండా నిలబడింది, కేబుల్ తీగది. జెండాకి అల్లంత దూరంలో యంత్రాన్ని నిలబెట్టి, తాడు లాగి, బ్లేడ్లు తిరిగే మీట నొక్కాను. మూడు వారాలుగా చినుకు లేదు. పైన పచ్చిక, కింద ఎండిన రేగడి. బ్లేడ్లు నేలని తాకగానే యంత్రం ఒక్కసారి తల ఎగరేసి, పగ్గం తెంచుకున్న కోడెదూడలాగా ముందుకి దూకింది. నేల తెగలేదు. దాని మీద బ్లేడ్లు కాళ్ళలాగా పరిగెత్తాయి, వాటి వెనక యంత్రం, దాని వెనక నేను. మీట వదిలితే ఆగిపోతుందన్న సంగతి చేతులకి గుర్తు రాలేదు. కంచె చెక్క ఒకటి విరిగాక గుర్తొచ్చింది. పక్కింటాయన హనుమకొండ మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న. విరిగిన చెక్క సందులోంచి తొంగిచూసి, "ఏమన్నా, బండి నడుపుతున్నవా, బండే నిన్ను నడుపుతున్నదా?" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే పచ్చిక మీద నాలుగు గీతలు, పిల్లి గోళ్ళతో గీకినట్టు. అంతే నా దుక్కి.

ఆ సాయంత్రం నడుం పట్టేసి పడుకుంటే ఎప్పటిదో ఒక గొంతు వినిపించింది. "వాట్ ఈజ్ ది డిఫరెన్స్ బిట్వీన్ అప్ మిల్లింగ్ అండ్ డౌన్ మిల్లింగ్?" మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్ళలో నేనొకణ్ణి. మా మూడో సంవత్సరం వైవాలో, నూనె వాసన కొట్టే వర్క్‌షాపులో, ఎగ్జామినరు అడిగిన ప్రశ్న అది. బట్టీపట్టిన జవాబు అప్పగించి బయటపడ్డాను గానీ అర్థమై చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది, ఎగ్జామినరు గారు క్షమించాలి. మిల్లింగ్ యంత్రంలో కట్టరు పంటి చివర, ఇనపముక్క కదిలే వైపుకే కదిలితే డౌన్ మిల్లింగ్. పన్ను ముందే మందంగా కొరికి పల్చగా వదులుతుంది. ముక్కని తనవైపు లాగేసుకుంటుంది. బల్లని నడిపే మరలో వదులుంటే ముక్కంతా కట్టరు కిందికి దూసుకుపోతుంది. దానికి ఎదురుగా కదిలితే అప్ మిల్లింగ్. పల్చగా మొదలుపెట్టి మందంగా కోస్తుంది, తోసినంతే పోతుంది, పారిపోదు. టిల్లరూ అచ్చం అంతే. ముందుకి తిరిగే బ్లేడు పైనుంచి కిందికి దిగుతుంది, గుద్దలి దెబ్బలాగా. నేల మెత్తనైతే దిగబడి మట్టిని వెనక్కి విసురుతుంది. గట్టిదైతే నేల దాన్ని తిరిగి పైకి తంతుంది, మిగిలిన బలమంతా యంత్రాన్ని ముందుకి నెట్టడానికే సరిపోతుంది. వెనక్కి తిరిగేది అప్పటికే గుల్లచేసిన మట్టి అడుగునుంచి దూరి, గట్టినేలని కిందనుంచి పైకి పెకలిస్తుంది. పైకి పెకలించే కొద్దీ నేల యంత్రాన్ని కిందికి, వెనక్కి లాగుతుంది. చక్రాలు ముందుకి, బ్లేడ్లు వెనక్కి. ఆ గుంజులాటలోనే దానికి పట్టు దొరుకుతుంది. ఇంజను మీద బరువు ఎక్కువ, నడక తక్కువ. కానీ దూకదు.

అంటే ఎదురు తిరిగేది నిలబడుతుంది, కలిసిపోయేది పారిపోతుంది అన్నమాట. ఇలా రాయగానే నాకే అనుమానమేసింది. ఒక యంత్రం గేరుపెట్టెలోంచి నీతివాక్యాలు తీస్తున్నానా? మన భాషే కొంత కారణం. 'ఎదురు తిరగడం' అనే మాట మన ఇళ్ళల్లో ఎంత బరువైనదో! పెళ్ళాం ఎదురు తిరిగింది, కొడుకు ఎదురు తిరిగాడు, పాలేరు ఎదురు తిరిగాడు. పాపం ఇనపబ్లేడు ఎదురు తిరిగినా ఏదో జరిగిపోయినట్టే ఉంటుంది చెవికి. ఇక 'ముందు' సంగతి చెప్పనే అక్కర్లేదు. 'ముందు ముందు చూద్దాం' అంటే రాబోయే కాలం, 'నాకంటే ముందు వచ్చాడు' అంటే గడిచిన కాలం. ఒకే మాటతో రెండు వైపులకీ చూపు పెట్టే భాష మాట్లాడేవాణ్ణి పట్టుకుని 'ముందుకా, వెనక్కా' అని అడిగితే ఏం చెబుతాడు?

నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయనకి డెబ్బై ఎనిమిది, దుక్కి మానేసి పదేళ్ళయింది. ఫోన్‌ని యంత్రం చుట్టూ తిప్పి చూపించాను. నేల చూపించమన్నాడు, చూపించాను. దగ్గరగా పెట్టమన్నాడు, పెట్టాను. "ఏరా అబ్బాయ్, పదును లేకుండా దుక్కికి దిగావా?" అన్నాడు. నేను బాణాల గురించి చెప్పబోతే వినలేదు. పిడికెడు మట్టి తీసి పిసకమన్నాడు. పిసికితే పొడిపొడిగా రాలిపోయింది. "తడిపి మూడ్రోజులాగు. ముద్దకట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోకుండా సాగిందనుకో, ఇంకో రోజాగు. తొందరపడి తడినేల తిప్పావంటే పెళ్ళలు ఎండి ఇటుకలైపోతాయి, వాటితో ఇల్లు కట్టుకోవాల్సిందే." రేగడికి పదును నిలిచేది రెండు మూడు రోజులే. ముందు రోజు జిగురు, తర్వాత రోజు రాయి. ఆ మధ్య ఉన్న సన్నని సందులో ఊరంతా ఒకేసారి నాగళ్ళు కట్టేది. నా చిన్నప్పుడు తెల్లవారుజామున అరక కట్టుకుని పోయే నాన్నకి చద్దన్నం క్యారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి. గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. దాపట ఒక ఎద్దు, వెలపట ఒక ఎద్దు, వెనక నాన్న. మేడి మీద ఎడమచెయ్యి ఊరికే ఆనించినట్టుండేది, కానీ ఆ చేతి నరాలు తాళ్ళలాగా లేచి ఉండేవి. కర్రు పైకి తేలకుండా పట్టుకోవడంలోనే ఉంది పనంతా. ఎద్దులు ముందుకి లాగుతుంటే నేల వెనక్కి పట్టుకునేది, ఆ రెండింటి మధ్య మనిషి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నాగలిలో తిరిగేదేదీ లేదు. ముందుకా వెనక్కా అన్న ప్రశ్నే లేదు. నాన్న నా గోలంతా విని, "ఎద్దుల్ని తూర్పుకి తోలి నాగలిని పడమరకి నడిపిస్తారంట్రా మీ ఊళ్ళో?" అని నవ్వాడు. నిజానికి రెండో యంత్రం చేసేది సరిగ్గా అదే.

తిరిగే పరికరం అనగానే మా ఇంట్లో రెండే గుర్తొస్తాయి. ఒకటి తిరగలి. నానమ్మ కందులు విసిరేటప్పుడు ఒక్క వైపే తిప్పేది. చిన్నప్పుడు సరదాకి రెండో వైపు తిప్పబోతే చేతిమీద ఒకటి వేసింది. రెండోది కవ్వం. తాడు ఇటు లాగితే ఇటు, అటు లాగితే అటు. వెన్న ఏ వైపు తిప్పినందుకు పడిందని ఎవరూ అడగలేదు. టిల్లర్లలోనూ కవ్వం జాతివి ఉన్నాయి, మీట మారిస్తే రెండు వైపులా తిరిగేవి. వాటి ధర చూసి పక్కన పెట్టేశాను.

ఈ తిరిగే నాగలిని పట్టాలెక్కించిన వాళ్ళలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అని ఒక ఆస్ట్రేలియా కుర్రాడున్నాడు. న్యూ సౌత్ వేల్స్‌లో గిల్గాండ్రా అనే ఊళ్ళో రైతుబిడ్డ. 1912లో మొదలుపెట్టాడు. నాగలి గాని, దాన్ని లాగే ట్రాక్టరు గాని పైన గుల్లచేస్తూ అడుగున నేలని అణగదొక్కుతోందని అతని బాధ. మొదట్లో అతని యంత్రం మట్టినంతా పక్కలకి చిమ్మేసేదట. బ్లేడుని ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలాగా వంచి, దూరదూరంగా అమర్చాక దారికొచ్చింది. 1920లో పేటెంటు. ఇప్పుడు మన ఊళ్ళల్లో ట్రాక్టరు వెనక తిరిగే రోటవేటర్ బ్లేడుదీ అదే వంపు. ఇక్కడొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. రోటవేటర్ అన్న పేరు అతని కంపెనీ పెట్టిందే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి, కుడినుంచి ఎడమకి చదివినా అదే పేరు. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిందని చెప్పుకునే బిరుదు లేదూ, వికటకవి, ఎటు చదివినా వికటకవే. అలాంటి పేరన్నమాట. ముందుకీ వెనక్కీ ఒకేలా ఉండే పేరు పెట్టుకున్న యంత్రం, నా పెరట్లోకి వచ్చేసరికి 'ఎటు తిరగమంటావు' అని నిలదీసింది.

నాన్న చెప్పినట్టు నేల తడిపాను. మూడ్రోజులు కాదు, ఐదు పట్టింది. శనివారం దాకా ఆగాలి మరి, ఇక్కడ పదును నేల కంటే ముందు ఆఫీసు క్యాలెండర్లో రావాలి. ఈసారి వెనక్కి తిరిగేది తెచ్చాను. నాకంటే బరువు అది. లోతు మీట మొదటి గంటు దగ్గరే పెట్టి, రెండు అంగుళాలకి మించి దిగకుండా మొదలుపెట్టాను. తేడా చేతులకి వెంటనే తెలిసింది. లాక్కుపోవడం లేదు. ఒక ముసలి దున్న బురదలో నడిచినట్టు, ప్రతి అడుగూ ఆలోచించుకుని వేస్తున్నట్టు కదిలింది. రేకు మూత కింద మట్టి ముందుకి విసిరి మళ్ళీ అదే మట్టిని కొడుతోంది, ఆ చప్పుడు వడ్లు దంచినట్టుంది. వెనక నల్లటి పొడి, వేలు దూరేంత గుల్లగా. చేతులు వదిలేసి పక్కన నడవొచ్చు అనిపించింది, వదల్లేదు గానీ.

అయితే ఆ సంబరం పది అడుగులే. పచ్చిక దుబ్బుల దగ్గర యంత్రం మూలగడం మొదలెట్టింది, ఆపి చూస్తే రోటరు కనిపించలేదు, జడ కనిపించింది. అడుగడుగు పొడవున్న వేళ్ళూ, తీగలూ చుట్టుకుని, బ్లేడ్లని మింగేసి, పట్టుచీర మడతలాగా బిగుసుకుపోయాయి. ప్లగ్గు వైరు పీకేసి, కూరగాయల కత్తి తెచ్చుకుని, అరగంట కోశాను. ఆ కోతలో ఒక కణుపు చేతికి తగిలి ఆగిపోయాను. సన్నటి తీగ, కణుపు కణుపుకీ వేరు, చివర మూడువేళ్ళు చాపినట్టున్న పరక. ఇది గరిక! ఇక్కడ పచ్చిక కింద వేసుకునేందుకు డబ్బిచ్చి కొనే బెర్ముడా గడ్డి, మా ఊళ్ళో చేలో కనబడితే నాన్న పళ్ళు కొరికే గరిక, వినాయకుడి నెత్తిన జంటలుగా పెట్టే గరిక, మూడూ ఒకటే. సైనోడాన్ డాక్టిలాన్ అనే ఒకే మొక్క. నేల అదే, దాని కలుపూ అదే. ఇంకేం వెతుక్కుంటూ వచ్చామో ఇంత దూరం!

తిరిగి మొదలుపెట్టిన రెండో నిమిషంలో ఠపీమని చప్పుడు. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బ్లేడ్లు మాత్రం కదల్లేదు. ఇల్లు కట్టినవాళ్ళు పాతిపెట్టి పోయిన ఇటుక చెక్క ఒకటి బ్లేడుకీ రేకుకీ మధ్య ఇరుక్కుంది. షియర్ పిన్ తెగింది. గేరు పళ్ళు విరగకుండా తాను తెగిపోవడానికే పెట్టిన చిన్న మేకు అది, కొట్టాయన ముందే రెండు అదనంగా జేబులో వేశాడు. అప్పుడు తెలిసింది, ఎదురు తిరిగేదానికీ తిక్కలున్నాయని. గడ్డిని చుట్టుకుంటుంది, రాయిని మింగబోతుంది. ముందుకి తిరిగేది రాయి తగిలితే దాని మీదుగా ఎక్కి దూకిపోతుంది, ఇది దాన్ని తవ్వి పైకి తెచ్చుకుని తన నోట్లోనే పెట్టుకుంటుంది. ఈ గుణాన్నే వాడుకుని, తోటలు వేసే ముందు రాళ్ళని పూడ్చే యంత్రాలున్నాయి. వెనక్కి తిరిగే రోటరు వెనక ఇనప చువ్వల జల్లెడ. సన్నమట్టి చువ్వల్లోంచి దూరిపోయి పైన పడుతుంది. రాళ్ళూ బెడ్డలూ చువ్వలకి కొట్టుకుని అడుగునే రాలిపోతాయి. పైన చూస్తే వెన్నలాంటి నేల. రాళ్ళు పోలేదు, కనబడకుండా పోయాయి. అదీ ఒక పద్ధతే, చాలా ఇళ్ళల్లో చూశాను.

హనుమకొండ తమ్ముడు ఇదంతా కంచె అవతలినుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన దగ్గర ముందుకి తిరిగే చిన్న టిల్లరుంది, ఇంజను కిందే బ్లేడ్లు, నడిపే చక్రాలే లేవు, బ్లేడ్లే కాళ్ళు. వెనక ఒక ఇనపకడ్డీ నేలలోకి దిగి దాన్ని పట్టి ఆపుతుంది. "మాది చెలక భూమి అన్నా, దుబ్బ. ఎటు తిప్పినా తెగుతది" అన్నాడు నవ్వుతూ. ఈ కంచె అవతల ఉన్నదీ నా రేగడే, కానీ ఆయన ఐదేళ్ళుగా ఆ మళ్ళలో ఆకులూ, వంటింటి చెత్తా, పశువుల ఎరువూ పోసి పోసి దాన్ని చెలకలాగా మార్చుకున్నాడు. అక్కడ నా ఎదురుతిరుగుడు యంత్రం దండగ. ఎరువుని మట్టిలో కలపాలంటే ముందుకి తిరిగేదే వాటం, పైనుంచి కిందికి కొడుతూ వెనక్కి చిమ్ముతుంది. లెక్క కూడా చూశాను, మెకానికల్ చదువు అంతటితో ఊరుకోదుగా. గంటకి రెండు కిలోమీటర్ల నడకంటే సెకనుకి 55 సెంటీమీటర్లు. రోటరు నిమిషానికి 200 చుట్లు తిరిగితే ఒక్కో చుట్టుకి 17 సెంటీమీటర్లు నడుస్తాం. ఒక వరసలో రెండు బ్లేడ్లుంటే ఒక్కో కాటు ఎనిమిది సెంటీమీటర్ల పైమాటే. అడుగు తగ్గిస్తే కాటు పల్చనవుతుంది, మట్టి పొడి అవుతుంది. అంటే మట్టి ఎంత సన్నం కావాలన్నది బాణం ఒక్కటే చెప్పదు, నడిచేవాడి తొందర కూడా చెబుతుంది. ముందుకి తిరిగేదాంతో నేను ఓడిపోయింది బాణం వల్లా, పదును లేని నేల వల్లా, నా తొందర వల్లా, ఎంతెంత వంతో ఇప్పటికీ తేల్చలేను.

దున్నడం అయింది. మూడు చాళ్ళలో ఆరంగుళాల లోతు. రాత్రి గర్వంగా పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. మన వాళ్ళు చాలామంది చదివిన ఫుకువోకా పుస్తకం ఉంది కదా, 'గడ్డిపరకతో విప్లవం'. అసలు దున్నొద్దంటాడు ఆ జపాన్ రైతు. నేలని వేళ్ళూ, పురుగులూ, వానపాములే దున్నుతాయంటాడు. కాలేజీ రోజుల్లో ఆవేశంగా చదివి నాన్నకి వినిపిస్తే, "ఆయన పొలం చూడందే మాట్లాడకూడదురా" అన్నాడు. మెచ్చుకోవడమో తోసెయ్యడమో ఇప్పటికీ అర్థం కాదు. నేను దున్నిన చోట నూటయాభై ఏళ్ళ కిందట మనిషెత్తు గడ్డి ఉండేది, దాని వేళ్ళు మనిషెత్తు లోతు. ఆ గడ్డినేలలో దున్నకుండా మిగిలింది ఇవాళ నూటికి ఒక వంతు కూడా లేదు. మిగతాదంతా ముందుకో వెనక్కో ఎవరో ఒకరు తిప్పేశారు. నేను చేసింది మాత్రం ఏమిటి? గరికని కణుపులుగా కోసి పెరడంతా నాటాను. ప్రతి ముక్కా ఒక మొక్క. తుంగ సంగతి ఇంకా అన్యాయం. దాని గడ్డలు మట్టిలో దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయి. గొలుసు కలిసి ఉన్నంతకాలం కొసన ఉన్న గడ్డ పెత్తనం చేసి మిగతావాటిని నిద్రపుచ్చుతుంది, గొలుసు తెంపితే అన్నీ లేస్తాయి. ఆ తెంపే పని ఏ బాణం వైపు తిరిగే యంత్రమైనా సమానంగా చేస్తుంది. మే నెలకల్లా గోంగూరకంటే ముందు తుంగ లేచింది. మా ఆవిడ రోజూ సాయంత్రం చిన్న పీట వేసుకుని కూర్చుని తవ్వుకోల పెట్టి గడ్డతో సహా లాగేది. ఆ పనికి అద్దె యంత్రం దొరకదు.

ఈ నల్లనేలల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు వర్టిసాల్. లాటిన్‌లో 'తిప్పడం' అనే మాటనుంచి వచ్చింది. వేసవికి ముడుచుకుని నోళ్ళు తెరుస్తుంది, పైమట్టి ఆ పగుళ్ళలోకి రాలుతుంది, వాన పడగానే అడుగున ఉబ్బి పైకి తోస్తుంది. ఏటా కొంత కిందికి, కొంత పైకి. తనని తానే దున్నుకునే నేల అని మా స్కూల్లో సోషల్ మాస్టారు చెప్పినప్పుడు, మరి నాన్నెందుకు తెల్లారుజామున లేస్తున్నాడని నాకు సందేహం వచ్చింది. అడగలేదు. నాన్ననీ అడగలేదు. మొన్న కాల్‌లో అడిగితే, "అది దాని తీరికన దున్నుకుంటదిరా, మనకి పంట ఈ ఏడే కావాలి" అన్నాడు.

ఆగస్టులో పదిహేను రోజులు ఊరెళ్ళి వచ్చాం. నీళ్ళు పెట్టమని పక్కింటి తమ్ముడికి చెప్పి వెళ్ళాం గానీ, వాళ్ళూ ప్రయాణంలో ఉన్నారు. వచ్చేసరికి గోంగూర కర్రలు నిలబడి ఉన్నాయి, ఆకు లేదు. మడి మధ్యగా, నేను యంత్రంతో అటూ ఇటూ నడిచిన చాళ్ళని అడ్డంగా కోస్తూ, ఒక పగులు పోయింది, నా అరచెయ్యి పట్టేంత. ఎండిన ఆకులూ, మార్చిలో నేను గుల్లచేసిన మట్టీ అందులోకి జారి ఉన్నాయి. దాని మీదుగా గరిక తీగ ఒకటి ఇవతల్నుంచి అవతలికి దాటి, అవతల వేరు కూడా దించింది. గ్యారేజీలోంచి కొలటేపు తెచ్చి పగుల్లోకి వదిలాను. ఇరవై తొమ్మిది అంగుళాలు దిగి, అక్కడ ఏదో బెడ్డకి ఆనింది. ఇంటి పునాది చుట్టూ ఉన్న పైపుల్లో ఒకటి ఊడదీసి, మడి దగ్గరికి లాక్కొచ్చి, సన్నంగా తిప్పి వదిలాను.

నాన్నకి ఫోటో పెట్టాను. రాత్రికి జవాబు వచ్చింది, మెసేజిలో కాదు, గొంతుతో: "పగులు పూడ్చబాక. వానలు పడనీ. గరిక మాత్రం ఇప్పుడే పీకు."

పీకాను. చవితికి సరిపడా పక్కన పెట్టి.